మూత కింద లోయ

వియాంగ్ లూంగ్,
ఫిబ్రవరి 14, బౌద్ధ శకం 2542

దీలో అన్నయ్యకి,

నీ ఉత్తరం శుక్రవారం మీ ఊరి బడి అనన్ పంతులు తెచ్చి ఇచ్చారు. ఆయన మోటారు సైకిల్ కుదుపులకి నువ్వు పంపిన మిరపపొడి సగం ఉత్తరం మీదే ఒలికింది. చదువుతున్నంతసేపూ తుమ్ములే. మీ ఊరికి ఫోను తీగ వచ్చేదాకా మన మాటలు ఇలా ఘాటుగానే ఉంటాయి.

"అంత రబ్బరు రోజూ ఆకాశంలో పారేసి మీ చెల్లెలు ఏం తెలుసుకుంటుంది?" అని వదిన అడిగిందట కదా. వదినకి ఇలా చెప్పు. గాలి అంతా ఒకటే ముద్ద కాదు, అంతస్తులుగా ఉంటుంది. మనం బతికేది అన్నిటికంటే కింది అంతస్తులో. మబ్బు, వాన, పిడుగు అన్నీ దీనిలోనే. పైకి పోయేకొద్దీ చలి. పదహారు, పదిహేడు కిలోమీటర్ల దగ్గర గడ్డకట్టే చలికి ఇంకో ఎనభై డిగ్రీలు కింద. అక్కడితో ఈ అంతస్తు సరి. ఆపైన విచిత్రంగా మళ్ళీ వెచ్చబడటం మొదలవుతుంది. ఎండలో ఉండే చెరుపుని పట్టి ఆపే గాలి అక్కడుంది. అక్కడ వాన లేదు, ఉరుము లేదు. గాలిని కొలవడానికి మా వాతావరణ ఆఫీసులో నేను వదిలే బెలూన్ ముప్పై కిలోమీటర్లకి మీ ఇల్లంత ఉబ్బి పగిలిపోతుంది. ఇంకా పైన రాలే చుక్కలు కాలిపోయే అంతస్తు ఉంది. దాన్ని నేను పుస్తకంలోనే చూశాను.

నిజం చెప్పాలంటే మా లోయకి కావలసింది మొదటి కిలోమీటరే. ఈ కాలంలో తెల్లవారేసరికి చల్లగాలి లోయ అడుగున కూర్చుంటుంది. దాని మీద వెచ్చగాలి మూత పెట్టినట్టు పరుచుకుంటుంది. బరువైన గాలి కింద, తేలికైన గాలి పైన. ఇంక కిందిది పైకి రావడమెలా? పొయ్యి పొగ, బస్సు పొగ, వెల్లుల్లి ఆకు కాల్చిన పొగ, అన్నీ ఇక్కడే తిరుగుతాయి. ఈ ఉదయం మూత తొమ్మిది వందల మీటర్ల దగ్గర ఉంది. మీ ఊరు పదమూడు వందలు. మీరు మూత పైన ఉన్నారు, మేం కింద ఉన్నాం.

మీ బావ చియాంగ్ మాయ్ బస్సే నడుపుతున్నాడు. పిమ్ రెండో తరగతిలో లెక్కల్లో మొదటిది. బాగుంది.

నోపో

*

హువే నోక్,
ఫిబ్రవరి 26

చెల్లీ,

నా రాత చూసి నవ్వకు. నాలుగో తరగతి వాడి రాత నాలుగో తరగతిలాగే ఉంటుంది.

మీ బెలూన్‌కి కట్టే కొలతల పెట్టె ఒకటి మా ఊళ్ళో పడింది. పోలే అవ్వ దాన్ని ఎత్తుకుపోయి గడ్డి పరిచి కోడిని పొదగేసింది. "అవ్వా, అది గవర్నమెంటుది, తిరిగివ్వమని దానిమీద రాసుంది" అన్నాను. "అయితే గవర్నమెంటుని వచ్చి గుడ్ల మీద కూర్చోమను" అంది. పదకొండు గుడ్లు. మీ ఆఫీసుకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఈ ఏడు వాగు అవతలి పోడు చెక్క మా వంతుకి వచ్చింది. ఏడేళ్ళు వదిలేసిన నేల. చెట్లు నా తొడంత లావయ్యాయి. నేనూ మీ వదినా పద్దెనిమిది రోజులు కొట్టాం. ఇప్పుడు పడి ఎండుతున్నాయి. మిగతా ఊరివాళ్ళ చెక్కలన్నీ ఇవతల ఒక్కచోట ఉన్నాయి. మాది ఒక్కటే అవతల ఒంటరిగా ఉంది. తూర్పు వాలు. కింద నేరుగా మీ లోయే.

పొద్దున్నే చెక్క దగ్గర నుంచుంటే మీ ఊరు కనబడదు. తెల్లగా పాలు పోసినట్టు లోయ నిండా ఉంటుంది. మా మీద ఆకాశం నీలంగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ఆ తెలుపు కొంచెం పైకి లేచి మా దాకా వస్తుంది, సాయంత్రానికి దిగిపోతుంది. బాగుంటుంది చూడ్డానికి. దాని కింద నువ్వు ఉన్నావని గుర్తొచ్చినప్పుడు మాత్రం బాగుండదు.

ఎప్పటిలాగే అడుగుతున్నాను. తొలివాన ఎప్పుడు? దానికి రెండు రోజుల ముందు కాల్చాలి. పోయినేడు నువ్వు చెప్పిన రోజు ఊరంతటికీ కలిసొచ్చింది. "దీలో చెల్లెలు చెప్పనీ" అని ఊరి పెద్దాయన కూడా ఆగుతున్నాడు.

అన్న

*

వియాంగ్ లూంగ్,
మార్చి 12

అన్నయ్యా,

వాన సంగతి ఇప్పుడే చెప్పలేను. మార్చిలో ఎవరూ చెప్పలేరు. మీ పెద్దాయనకి నామీద అంత నమ్మకం వద్దని చెప్పు.

పని ఎక్కువగా ఉంది. బెలూన్ వదిలిన పది క్షణాల్లో కంటికి కనబడటం లేదు. మధ్యాహ్నం మూత లేవాలి, లేవడం లేదు. పొగ ఎండని నేలదాకా రానివ్వడం లేదు, నేల వేడెక్కకపోతే మూత తొలగదు. మూత తొలగక పొగ పోదు. ఇంతే.

పెట్టె సంగతి ఆఫీసులో చెప్పలేదు. గుడ్లు పిల్లలయ్యాయా?

అందరం బాగున్నాం.

నోపో

*

హువే నోక్,
మార్చి 19

నోపోకి,

అందరం బాగున్నాం అని రాశావు. అనన్ పంతులు మందుల కోసం ఆసుపత్రికి వెళితే, వరండాలో చాప మీద పిమ్ పడుకుని ఉందట. మూతికి గొట్టం. నువ్వు పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నావట. ఆయన పలకరిస్తే "అన్నయ్యకి చెప్పకండి" అన్నావట. పంతుళ్ళతో అబద్ధాలు చెప్పించకు. ఆయనకి చేతకాదు. మా గడపలో అడుగుపెట్టగానే చెప్పేశాడు.

మీ వదిన ఆ పూట అన్నం తినలేదు.

పిల్లని పైకి పంపు. ఇక్కడ పొద్దున్నంతా గాలి శుభ్రంగా ఉంటుంది. మీ ఆయన్ని సెలవు పెట్టి తీసుకురమ్మను. నువ్వూ రా.

అన్న

*

వియాంగ్ లూంగ్,
మార్చి 24

అన్నయ్యా,

తప్పే. జనవరి నుంచీ దగ్గుతోంది. ఫిబ్రవరిలో నీకు ఉత్తరం రాసిన రోజు కూడా దగ్గుతూనే ఉంది. పక్కగదిలోంచి వినబడుతుంటే "బాగుంది" అని రాశాను. రాస్తే నిజమవుతుందేమోనని కాబోలు.

మూడుసార్లు ఆసుపత్రిలో పెట్టాం. ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంది అన్నయ్యా. గాలి గొట్టం పెడితే సర్దుకుంటుంది. ఇంటికి తెస్తే మళ్ళీ అదే. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. గదిలో ముగ్గురం కూర్చుని ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళం వింటున్నాం. పొగకి ఇక్కడ విమానం దిగక పదకొండు రోజులైంది. చియాంగ్ మాయ్‌లోనూ ఇదే పొగ, అక్కడికి పోయి లాభం లేదని డాక్టరే అన్నాడు. "అమ్మా, తలుపు ఎక్కడుంది?" అంది మొన్న. ఏ తలుపే అంటే, "ఈ పొగకి" అంది.

నీకు చెప్పనిది ఇంకోటి ఉంది. ఆఫీసులో నా పక్క బల్ల సమాన్ రోజూ ఎత్తుకుంటాడు. "నోపో, మీ కొండవాళ్ళకి ఈ ఏడు అగ్గిపెట్టెలు అమ్మొద్దని ఆర్డరు వేయాలి" అంటాడు. నవ్వుతూనే అంటాడు. నేనూ నవ్వుతాను. పొగంతా మీదే కాదని నాకు తెలుసు. మొక్కజొన్న తోటలవాళ్ళది, సరిహద్దు అవతలిది, మా ఊరి చెత్తది, అన్నీ ఉన్నాయి. మీ చెక్క కాలేది పూటలో సగంసేపు. అయినా మూడేళ్ళుగా మీకు ఏ రోజు కాల్చాలో చెబుతున్నది నేను. గవర్నమెంటు బెలూన్ వదిలి, అంకెలు చూసి, మా అన్నకి రాశాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మీవైపు మాట్లాడలేను, వాళ్ళవైపు మాట్లాడలేను.

పిమ్‌ని శనివారం వాళ్ళ నాన్న తెస్తాడు. నేను రాలేను. బెలూన్ వదిలేవాళ్ళం ఇద్దరమే, రెండోవాడికి జ్వరం. దాని మందు సీసాల మీద ఎంత వేయాలో పెద్ద అక్షరాలతో రాశాను. వదినకి చదివి చెప్పు.

నోపో

*

హువే నోక్,
ఏప్రిల్ 2

చెల్లీ,

మీ ఆయన జీపు కొండ మలుపు తిరిగి పొగలోంచి బయటపడినప్పుడు పిమ్ నిద్రలో ఉందట. లేచి చూసి "నాన్నా, రంగులొచ్చాయి" అందట. అతను బండి ఆపి కాసేపు పక్కన నిలబడ్డానని చెప్పాడు.

మూడు రోజులు దగ్గింది. నాలుగో రోజు తగ్గింది. ఇప్పుడు పోలే అవ్వ కోడిపిల్లల వెంట పరుగెడుతోంది. పదకొండుకి తొమ్మిది బతికాయి.

నీ కూతురు మాకు పాఠాలు చెబుతోంది. నిన్న అన్నం దగ్గర,

"మామయ్యా, మీరు ఏ అంతస్తులో ఉన్నారో తెలుసా?"

"మా ఇంటికి ఒకటే అంతస్తమ్మా, కింద పందులు."

"అది కాదు! గాలిలో. మనం అందరం కింది అంతస్తే. నువ్వు మూత పైన ఉన్నావు కానీ అంతస్తు మారలేదు."

"మరి అంతస్తు మారాలంటే?"

"పదహారు కిలోమీటర్లు నడవాలి, నిలువుగా."

మీ వదిన "అక్కడ వరి పండుతుందా?" అని అడిగింది. పండదని చెప్పేసరికి "అయితే మనకెందుకు, తిను" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వినా దగ్గు రాలేదు దానికి.

ఊరివాళ్ళు ఈ శనివారం కాదు, పై శనివారం కాలుస్తామంటున్నారు. పదో తేదీ. నీ మాట లేకుండానే పెద్దాయన నిర్ణయించాడు. మంచిదేలే. ఈ బరువు నీ నెత్తిన ఉండదు.

అన్న

*

వియాంగ్ లూంగ్,
ఏప్రిల్ 8, గురువారం

అన్నయ్యా,

పంతులు రేపు పొద్దున బయలుదేరుతున్నారని ఆఫీసులోనే కూర్చుని రాస్తున్నాను.

శనివారం కాల్చొద్దు. మూత ఏడు వందల దగ్గర రాయిలా ఉంది. మీ చెక్క తూర్పు వాలు. అక్కడ కాలిస్తే సాయంత్రం చల్లగాలితో పాటు పొగంతా జారి నేరుగా మామీద పడుతుంది. ఇక్కడ ఆసుపత్రి వరండాలో ఇంకా ఇరవైమంది పిల్లలున్నారు. పిమ్ చాప మీద ఇప్పుడు వేరే పిల్ల పడుకుంది.

ఉత్తరం నుంచి గాలి మారుతోంది. మంగళవారం గానీ బుధవారం గానీ మధ్యాహ్నం మూత తెరుచుకుంటుంది. రెండున్నర వేల మీటర్ల దాకా దారి ఉంటుంది. ఆ రోజు కాలిస్తే పొగ నిట్టనిలువుగా పోతుంది, ఎవరి మీదా పడదు. వాన గురువారం దాటాకే. అంకెలు రెండుసార్లు చూశాను.

ఊరందరినీ ఆపమని నేను అడగలేను. నువ్వొక్కడివి ఆగగలవా? ఇంతకుముందు నిన్ను ఏమీ అడగలేదు.

నోపో

*

హువే నోక్,
ఏప్రిల్ 18

చెల్లీ,

వాన పడింది కదా. మీకు గాలి తేలికైందని పంతులు చెప్పాడు. సంతోషం.

ఇక్కడ అందరూ కాల్చేశారు. మాదీ అయిపోయింది. పిమ్ బాగుంది, రెండు పూటలా తింటోంది. మీ వదిన దానికి ఎర్ర దారంతో గౌను నేస్తోంది.

పనులున్నాయి. తర్వాత రాస్తాను.

అన్న

*

హువే నోక్
ఏప్రిల్ 27

అమ్మకి పిమ్ రాసేది,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావా? నాకు అయిదు వరకూ వాళ్ళ భాషలో అంకెలు వచ్చేశాయి. అది నీ భాషే అట కదా, నాకెందుకు నేర్పలేదు?

మామయ్య పొలం కాలలేదు. సోమవారం మధ్యాహ్నం పేద్ద వాన వచ్చింది, చెట్లన్నీ నానిపోయాయి. మంగళవారం కాలుద్దామని వెళితే మంట అంటుకోలేదు, పొగ మాత్రం వచ్చింది. తర్వాత కూడా వానలే. అత్తయ్య ఏడ్చింది. మామయ్య ఏడవలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్ళి తడిచెట్లు చేత్తో లాగి పక్కన పేరుస్తారు. నేనూ చిన్నవి లాగుతాను. ఊళ్ళో ఒక తాత "చెల్లెలి బెలూన్ తినండి ఈ ఏడు" అన్నాడు. అత్తయ్య ఆ తాతని తిట్టింది. ఏమని తిట్టిందో నాకు చెప్పలేదు.

ఇది నీకు రాయొద్దన్నాడు మామయ్య. కానీ పంతులుగారు ఉత్తరంలో నిజం రాయాలన్నారు.

పిమ్

*

వియాంగ్ లూంగ్,
మే 3

అన్నయ్యా,

"మాదీ అయిపోయింది" అని రాశావు. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. ఒక్క అక్షరం అబద్ధం లేదు దానిలో.

నేను ఆగమన్నాను, నువ్వు ఆగావు. గురువారం దాటాకే వాన అన్నాను, సోమవారం పడింది. ఇరవై రెండేళ్ళ వయసు నుంచీ ఇదే పని చేస్తున్నాను. ఈసారి నా ఒక్క మాట మీదే ఒక ఇంటి తిండి ఆధారపడింది. ఈ ఒక్కసారే తప్పింది. కాల్చని నేలలో వరి ఎంత మొలుస్తుందో, దాన్ని మించి కలుపు ఎంత మొలుస్తుందో నాకు తెలియదా? నేనూ ఆ చెక్కల్లోనే పుట్టాను.

ఇది కూడా చెప్పేస్తాను. దాస్తే మళ్ళీ ఎవరో చిన్నపిల్ల రాయాల్సి వస్తుంది. రెండేళ్ళ క్రితం బదిలీ కోసం అర్జీ పెట్టాను, దక్షిణాన సముద్రం ఒడ్డుకి. అక్కడ కొండలు చుట్టుముట్టి ఉండవు, ఏడాది పొడుగునా గాలి తిరుగుతుంటుంది. పిమ్‌కి అక్కడే మంచిదని డాక్టరు అన్నాడు. నీకు చెప్పలేదు. దూరం బస్సులో రెండు రోజులు. "మమ్మల్ని వదిలిపోతున్నావా" అంటావని భయం.

పోయినవారం ఆర్డరు వచ్చింది. జూన్ ఒకటికి చేరాలి. రానని రాసేస్తున్నాను. నీ ఏడాది తిండి నీళ్ళపాలు చేసి, నేను సముద్రపు గాలి పీల్చడానికి ఏ ముఖంతో పోను? ఇక్కడే ఉంటాను. కలుపుకి సెలవు పెట్టుకుని వస్తాను.

నోపో

*

హువే నోక్,
మే 14

నోపోకి,

ఇది కోపంగా రాస్తున్నాను, కాబట్టి రాత ఇంకా బాగుండదు.

రానని రాసిన కాగితం పంపావా? పంపకపోతే చింపెయ్. పంపితే ఆ ఆఫీసరు ఇంటికి పోయి, మా అన్నకి బుద్ధి ఉంది నాకు లేదు అని చెప్పి వెనక్కి తీసుకో.

జరిగింది చెబుతాను విను. శనివారం ఊరివాళ్ళు కాల్చారు. కాల్చే ముందు అలవాటు ప్రకారం "పాములారా, పిట్టలారా, తప్పుకోండి" అని కేకలు వేశారు. పిమ్ కూడా వాళ్ళతో కేకలేసింది. సాయంత్రానికి పొగ ఇటు తిరిగింది. దానికి ఊపిరాడలేదు. మందు రెండుసార్లు వేశాను. వీపున కట్టుకుని పై గట్టుకి ఎక్కాను. చీకటి పడేలోపు సర్దుకుంది. ఆ పక్కటెముకల సంగతి నువ్వు రాస్తే చదివాను గానీ, వీపు మీద తగులుతుంటే వేరు.

ఆదివారం పొద్దున వెదురు దివిటీ పట్టుకుని నా చెక్కకి వెళ్ళాను. గాలిలో వాన వాసన తెలుస్తోంది. చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయి. రేపే వాన అని నాకు తెలిసిపోయింది. నీ మంగళవారం తప్పుతుందని ఆదివారమే తెలుసు. అంటించే వీలు ఉంది, పూర్తిగా ఎండి ఉంది. అంటించలేదు. ముందురోజు రాత్రంతా దాని ఊపిరి విన్నవాణ్ణి. దివిటీ వాగులో పడేసి వచ్చేశాను.

కాబట్టి నీ అంకెలు నన్నేం చెయ్యలేదు. అది నా పని. నా ఇష్టప్రకారం చేశాను. దాన్ని నీ నెత్తిన వేసుకుని నా దగ్గర్నుంచి లాక్కోకు.

చేత్తో ఏరిన మేర విత్తాం. మొలిచింది, పల్చగా. వదిన వాళ్ళ అన్నదమ్ములు ఒక చెక్కలో వాటా ఇస్తామన్నారు. అడవిలో దుంపలున్నాయి. ఇంతకుముందు కూడా బతికాం.

పిమ్‌ని తీసుకుని వెళ్ళు.

అన్న

*

వియాంగ్ లూంగ్,
మే 21

అన్నయ్యా,

నీ ఉత్తరం అందాక పాత కాగితాలు తీశాను. ఏప్రిల్ 11, ఆదివారం, ఉదయం ఏడింటి బెలూన్. దాన్ని వదిలింది నేనే. నేల నుంచి అయిదు కిలోమీటర్ల దాకా గాలి ఎండిన ఎముకలా ఉంది. ఎక్కడా చుక్క తేమ లేదు. వానకి దారి తీసిన గాలి సోమవారం తెల్లవారాక గానీ రాలేదు. ఆదివారం పొద్దున వాన వాసన రావడానికి ఆకాశంలో ఎక్కడా వాన లేదు. చీమలకి కూడా తెలిసే వీలు లేదు.

నువ్వు మంగళవారం కోసమే ఆగావు. నేను చెప్పానని ఆగావు.

సమాన్‌కి ఆ కాగితం చూపించాను. మొత్తం చెప్పాను, నువ్వెవరో, ఏం కాల్చలేదో, ఎందుకో. కాగితంలో అంకెలు రెండుసార్లు చదివాడు. "మీ అన్న అబద్ధం బాగా ఆడతాడు" అన్నాడు చివరికి. తర్వాత ఇంటికి పోయి ఒక బస్తా బియ్యం తెచ్చి నా బల్ల పక్కన పెట్టాడు. అనన్ పంతులు బండి వెనక కట్టి పంపుతున్నాను. తిప్పి పంపితే నేను అతని ముఖం చూడలేను, కాబట్టి తినండి.

రానని రాసిన కాగితం చింపేశాను. ముప్పయ్యో తేదీన బయలుదేరుతున్నాం. పిమ్‌ని తీసుకెళ్ళడానికి ఇరవై ఎనిమిదిన వస్తాను. రెండు రోజులు ఉంటాను. నాకూ ఒక కొడవలి తీసిపెట్టు. నువ్వు ఆదివారం సంగతి ఎత్తొద్దు, నేనూ ఎత్తను. పక్కపక్కన కలుపు తీసుకుందాం.

నోపో